ఒంటె కన్నా ముందు బర్రెను చూపించండి

గౌరవనీయులైన హైదరాబాద్ ప్రాథమిక పాఠశాలల టీచర్లకు, హెడ్మాస్టర్లకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

నేను ఈ నగరంలోనే ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మీ దగ్గర ఐదో తరగతి దాటిన పిల్లలే నా క్లాసుకు వస్తారు. అనుకూలనాల పాఠం, అంటే జంతువు ఒళ్లు అది బతికే చోటుకు ఎలా సరిపోతుందో చెప్పే పాఠం మొదలుపెట్టే రోజు వాళ్లను ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను: ఒంటెకు మూపురం ఎందుకు? క్లాసంతా ఒక్క గొంతుతో "నీళ్లు దాచుకోడానికి" అంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినా, ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చినా జవాబు అదే. మీలో ఎవరు ఒంటెను దగ్గర నుంచి చూశారని అడిగితే చేతులు పెద్దగా లేవవు. బర్రెను ఎవరు చూశారంటే అందరూ చేతులెత్తుతారు. సరే, ఎండాకాలంలో బర్రె నీళ్లు కనపడగానే ఎందుకు దిగుతుంది, పక్కనే ఉన్న ఆవు ఎందుకు దిగదు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఎన్నడూ చూడని జంతువు గురించి ఠక్కున చెప్పే పిల్లలు రోజూ కళ్లముందు తిరిగే జంతువు గురించి నోరు విప్పలేకపోతున్నారు. దీన్ని మార్చమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు ఆ ఒంటె సంగతి. మూపురంలో ఉండేది కొవ్వు, నీళ్లు కాదు. మేత దొరకని రోజుల్లో ఒంటె ఆ కొవ్వును వాడుకుంటుంది, అప్పుడు మూపురం ఒక పక్కకి వాలిపోతుంది. నీళ్లు లేకుండా రోజుల తరబడి నెట్టుకురాగలగడానికి కారణాలు వేరే ఉన్నాయి. పగలు ఒళ్లు వేడెక్కినా వెంటనే చెమట పట్టదు. తన శరీర ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగినా తట్టుకుని, రాత్రి చల్లగాలికి ఆ వేడిని వదిలేస్తుంది. మూత్రం చాలా చిక్కగా, తక్కువగా పోస్తుంది. దాని ఎర్ర రక్తకణాలు కోలగా ఉంటాయి, అందుకే ఒక్క దఫా వంద లీటర్ల దాకా నీళ్లు తాగినా అవి పగిలిపోవు. ఇంత కథ ఉన్న జంతువును మనం "మూపురం, నీళ్లు" అని రెండు మాటల జతపరచుములో సర్దేశాం. ధ్రువపు ఎలుగుబంటికి తెల్ల బొచ్చు, బాతుకు తెడ్డు పాదాలు, జిరాఫీకి పొడుగు మెడ. ఎడమ పక్క పేరు, కుడి పక్క అవయవం, మధ్యలో గీత. గీత సరిగ్గా గీస్తే మార్కు.

తప్పు మీదని నేను అనడం లేదు. ఒకే టీచర్ రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పే స్కూళ్లు నాకు తెలుసు. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, ఎన్నికల డ్యూటీ, సిలబస్ పూర్తి కాలేదన్న టెన్షన్, వీటన్నిటి మధ్య పిల్లల్ని బయటికి తీసుకెళ్లి చూపించమనడం తేలికే, చేయడమే కష్టం. అందుకే నేను అడిగేవి పైసా ఖర్చు లేనివి, స్కూలు గేటు నుంచి నాలుగడుగులు దాటనివి మాత్రమే.

బర్రెతో మొదలుపెట్టండి. మన నగరంలో తబేలాలు, అంటే బర్రెల కొట్టాలు ఇంకా ఉన్నాయి. మూసీ ఒడ్డున, శివారు చెరువుల్లో గుర్రపుడెక్క మధ్య ముక్కూ కళ్లూ మాత్రమే పైకి పెట్టి గంటల తరబడి నానే బర్రెలను పిల్లలు బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉంటారు. దీపావళి తర్వాత నారాయణగూడలో దున్నపోతులను ఊరేగించే సదర్ జరిగితే ఆ దున్నపోతులను చూడటానికి మేల్కొని ఉంటారు. వాళ్లను మూడు విషయాలు గమనించమనండి. ఒంటి మీద వెంట్రుకలు ఎంత పలచగా ఉన్నాయి? గిట్టలు ఆవు గిట్టల కంటే ఎంత వెడల్పుగా ఉన్నాయి? బురదలోంచి లేచాక ఆ బురద ఒంటి మీద ఎంతసేపు తడిగా ఉంటుంది?

జవాబులు ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. బర్రెకు చెమట గ్రంథులు ఆవు కంటే చాలా తక్కువ. నల్లటి చర్మం ఎండను పీల్చుకుంటుంది. కాబట్టి చెమటతో చల్లబడటం దాని వల్ల కాదు, నీళ్లు కావాలి. ఒంటికి పట్టిన బురద నెమ్మదిగా ఆరుతూ చల్లబరుస్తుంది, జోరీగలను, దోమలను కూడా కొంత ఆపుతుంది. వెడల్పాటి గిట్టలు బురదలో దిగబడిపోకుండా కాస్తాయి. అంటే ఈ ఒళ్లు చిత్తడి నేల కోసం, నీటి పక్క బతుకు కోసం పనికొచ్చే ఒళ్లు. అదే ఒళ్లు మే నెలలో తారురోడ్డు మీద దానికి భారం. చెరువు పూడ్చేసి కాలనీ కట్టిన చోట బర్రె ఎందుకు అల్లాడిపోతుందో మూడో తరగతి పిల్ల కూడా అప్పుడు చెప్పగలదు.

నా క్లాసులో ఒకమ్మాయి ఉండేది. వాళ్లింట్లో బర్రెలున్నాయి. పుస్తకం చదవమంటే తల వంచుకునే పిల్ల. ఈ పాఠం రోజు మాత్రం లేచి నిలబడి, "ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోయకపోతే పాలు తగ్గిపోతయి సార్, మా నాయన మోటార్ ఖరాబైతే బకెట్లతోనే పోస్తడు" అంది. ఎండ దెబ్బకు పశువు మేత తగ్గిస్తుందని, పాలు పడిపోతాయని పశువైద్యులు చెప్పే మాటే అది. పాఠ్యపుస్తకంలో లేదు, ఆ పిల్ల ఇంట్లో ఉంది. మన బస్తీ స్కూళ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలు, పని కోసం బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన వాళ్ల పిల్లలు, తెలుగు అక్షరాలు ఇంకా పట్టుబడని పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. చదివి చెప్పమంటే వెనకబడే వాళ్లు చూసి చెప్పమంటే ముందుకొస్తారు. నాకు ఈ పద్ధతి మీద ఇంత పట్టుదల రావడానికి పెద్ద కారణం అదే.

ఇంకొకటి, మేక కన్ను. బక్రీద్ ముందు మెహదీపట్నం, టోలిచౌకీ రోడ్ల పక్కన మేకలూ పొట్టేళ్లూ బారులు తీరి ఉంటాయి. ఆషాఢంలో బోనాలకు ప్రతి గల్లీలో ఒకటి రెండు కట్టేసి ఉంటాయి. పిల్లలు వాటికి ఆకులు తినిపిస్తారు, పేర్లు పెడతారు. కానీ కళ్లలోకి సరిగ్గా చూడరు. చూడమనండి. కంటిపాప గుండ్రంగా ఉండదు. అడ్డంగా, పొడుగ్గా, గల్లాపెట్టెలో చిల్లర వేసే సందులా ఉంటుంది. కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. అడ్డంగా సాగిన కంటిపాప వల్ల నేల బారున ముందూ వెనకా ఎటు నుంచి ఏది వస్తున్నా మేకకు కనపడుతుంది. 

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. మేక తల దించి గడ్డి మేస్తుంటే దాని ముఖం కిందికి తిరిగిపోతుంది కదా, అప్పుడు కంటిపాప కూడా నిలువుగా అయిపోవాలి. అవదు. తల వంగిన కొద్దీ కంటిగుడ్డు గుంటలో తిరుగుతుంది, కంటిపాప నేలకు సమాంతరంగానే నిలబడుతుంది. మనుషుల కళ్లు తిరిగే దానికన్నా పది రెట్లకు పైగా, దాదాపు యాభై డిగ్రీలు. దీన్ని కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ప్రచురించారు. వాళ్లు గొర్రెలు, మేకలు, గుర్రాల దగ్గర నిలబడి ఫొటోలు తీసి చూసిన విషయమే ఇది. మన పిల్లలు ఒక కొత్తిమీర కట్టతో మేక తలను పైకీ కిందికీ తిప్పించి తమ కళ్లతో తామే చూడొచ్చు. అదే రోజు ఇంటి దగ్గర పిల్లి కంటిని చూసి రమ్మనండి. పట్టపగలు దాని కంటిపాప నిలువు గీత. నేలబారున నక్కి, దూరం సరిగ్గా అంచనా వేసి దూకే చిన్న వేటగాళ్లకు అలాంటి కన్ను పనికొస్తుంది. మరి పులి? పిల్లి కుటుంబమే కదా, నిలువు గీతే ఉంటుందని పిల్లలు పందెం కాస్తారు. జూపార్క్‌కు వెళ్లినప్పుడు చూడమనండి. పులి కంటిపాప గుండ్రంగా ఉంటుంది. పెద్ద జంతువు, దాని కళ్లు నేలకు చాలా ఎత్తున ఉంటాయి, అక్కడి నుంచి చూపుకు నిలువు గీత వల్ల కలిగే లాభం పెద్దగా ఉండదన్నది ఆ పరిశోధకుల వివరణ.

పనిలో పని, మేక యజమానిని అడిగి దాని పై పెదవి కొంచెం ఎత్తించండి. పైన ముందుపళ్లు ఉండవు, గట్టి చిగురు మాత్రం ఉంటుంది. కింది పళ్లను ఆ చిగురుకు ఆనించి ఆకును తెంపుకుంటుంది. ఇది చూసిన పిల్లవాడు ఇంటికెళ్లి ఆవుకు, బర్రెకు, గొర్రెకు కూడా ఇంతేనా అని అడుగుతాడు. ఇంతే.

ఇక్కడిదాకా చూడటం గురించి చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది మన మాట తీరు గురించి, నాకు ఎక్కువ బాధ కలిగించేది కూడా ఇదే. పిల్లలు నా దగ్గరికి వచ్చేసరికి వాళ్ల నోట ఇలాంటి వాక్యాలు స్థిరపడిపోయి ఉంటాయి: "ఆకులు ఎత్తులో ఉన్నాయని జిరాఫీ మెడ సాగదీసుకుంది." "చలి ఉందని ఎలుగుబంటి బొచ్చు పెంచుకుంది." "కనపడకూడదని పురుగు ఆకుపచ్చగా మారింది." జంతువు తనకు కావాలనుకుని తన ఒళ్లు మార్చుకున్నట్టు. అలా జరగదు. జిరాఫీ మెడలో ఎముకలు ఏడే, మన మెడలోనూ ఏడే, ఎలుక మెడలోనూ ఏడే. పొడుగైనవి ఆ ఎముకలే, అదీ ఒక్క జిరాఫీ జీవితంలో కాదు, లెక్కలేనన్ని తరాల్లో. పుట్టుకతోనే ఉండే చిన్న చిన్న తేడాలు, వాటిలో ఏవి బతికి పిల్లల్ని కన్నాయన్నది, ఆ తేడా పిల్లలకు అందడం, ఈ మూడూ కలిస్తేనే అనుకూలనం. తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని మనం సామెతగా వాడుకుంటాం, పిల్లలు దాన్ని నిజంగానే నమ్ముతారు. తొండ ఎంత ముదిరినా తొండే. రెండూ వేరు వేరు కుటుంబాలు. ఊసరవెల్లి వేళ్లు రెండూ మూడుగా కలిసిపోయి కొమ్మను పట్టకారులా పట్టుకుంటాయి, కళ్లు రెండూ చెరోవైపు తిరుగుతాయి. తొండకు ఈ రెండూ లేవు.

ఎనిమిదేళ్ల పిల్లలకు ఇదంతా ఎలా చెప్పాలని మీరు అడగొచ్చు. చెప్పక్కర్లేదు, ఆడించండి. ముక్కుల ఆట మీలో చాలామందికి తెలుసు: చెంచా, పట్టకారు, క్లిప్పు ఇచ్చి గింజలు ఏరమంటాం, ఏ ముక్కుకు ఏ గింజ అని అడిగి ఆపేస్తాం. ఆపకండి, ఇంకో మూడు రౌండ్లు ఆడించండి. పిల్లల్లో మూడోవంతు మందికి రెండేసి అగ్గిపుల్లలు, మూడోవంతు మందికి బట్టల క్లిప్పులు, మిగతా వాళ్లకు వంటింటి పట్టకార్లు. ఇవి వాళ్ల ముక్కులు. నేల మీద జొన్నలు, పల్లీలు, చింతగింజలు కలిపి చల్లండి. నిమిషంలో పది గింజలు ఏరిన పక్షి బతికినట్టు. మొదటి రౌండులో దాదాపు అందరూ బతుకుతారు. రెండో రౌండులో కరువొచ్చిందని చెప్పి జొన్నలు తీసేయండి. మూడో రౌండులో పల్లీలు కూడా తీసేసి చింతగింజలే ఉంచండి, అవి కూడా తక్కువ. అగ్గిపుల్లల పక్షులు ఒక్కొక్కటిగా వెళ్లి గోడవారగా కూర్చుంటాయి. ప్రతి రౌండు తర్వాత, కూర్చున్న పిల్లలను బతికిన పక్షుల పిల్లలుగా మళ్లీ ఆటలోకి పిలవండి, తల్లి ముక్కు ఏదైతే బిడ్డకూ అదే. కాసేపటికి గది నిండా పట్టకార్లే ఉంటాయి. 

అప్పుడు అడగండి: ఆట మధ్యలో ఎవరైనా తమ ముక్కు మార్చుకున్నారా? లేదు. మరి గుంపు ఎలా మారింది? ఈ ప్రశ్నకు పిల్లలు తమంతట తాము జవాబు వెతుక్కుంటుంటే చూడటం ఒక టీచర్‌గా నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. 

ఇది ఉత్త ఆట కాదని కూడా వాళ్లకు చెప్పండి. పసిఫిక్ సముద్రంలోని గాలాపాగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఏళ్ల తరబడి పిచ్చుకంత పక్షుల ముక్కులను కొలుస్తూ వచ్చారు. 1977లో అక్కడ వానలు సరిగ్గా పడలేదు. మెత్తని చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవి పెద్దవి, గట్టివి. వాటిలో మన పల్లేరు జాతికే చెందిన ముళ్ల కాయలు కూడా ఉన్నాయి. ఆ కరువులో ఒక జాతి పక్షుల్లో ఎనభై శాతానికి పైగా చనిపోయాయి. బతికిన వాటిలో మందపాటి ముక్కులవే ఎక్కువ, వాటి పిల్లల ముక్కులు కూడా సగటున మందంగానే వచ్చాయి. ఆ తర్వాత 1983లో ఎల్‌నినో వానలు కుమ్మరించి చిన్న గింజలు విపరీతంగా పెరిగాయి. అప్పుడు చిన్న ముక్కుల వాటికి కలిసొచ్చింది. మందపాటి ముక్కు గొప్పదనీ సన్నటి ముక్కు తక్కువదనీ ఎక్కడా లేదు, ఆ ఏడు ఏ గింజ దొరికిందన్నదే లెక్క. పల్లేరు కాయ కాలికి గుచ్చుకోని పిల్లలు తక్కువ, ఆ ముల్లు మధ్యలోంచి గింజ తీయాలంటే ఎలాంటి ముక్కు కావాలో వాళ్లు వెంటనే ఊహించగలరు.

2023లో వచ్చిన ఎన్సీఈఆర్టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామం భాగాన్ని తీసేశారు. దేశవ్యాప్తంగా 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు దాన్ని వెనక్కి తెమ్మని సంతకాలు చేశారు. హైదరాబాద్‌లో ఆ పుస్తకాలు చదివే స్కూళ్లకు కొదవ లేదు. ఆ పుస్తకం చదివి పదకొండులో సైన్స్ తీసుకోని పిల్లలకు ఈ సంగతి పాఠంగా అందదు. అందుకని మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో మీరు ఆడించే ఈ ఆట విలువ ఇంకా పెరిగింది.

నెమలి దగ్గర పిల్లలు మిమ్మల్ని ఇరుకున పెడతారు, పెట్టనివ్వండి. కేబీఆర్ పార్క్‌లో పొద్దున్నే వెళ్తే నెమళ్లు కనిపిస్తాయి, అరుపులైతే బయట రోడ్డు మీదికి కూడా వినిపిస్తాయి. "ప్రతి అవయవం బతకడానికే అన్నారు కదా టీచర్, మరి అంత పెద్ద తోకతో కుక్క తరిమితే ఎలా పారిపోతుంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ చిక్కు డార్విన్‌కీ వచ్చింది. నెమలి ఈక చూస్తే తనకు ఒంట్లో బాగుండదని 1860లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడాయన. ఆ ఈకలు మగ నెమలికే ఉంటాయి, ఆడ నెమళ్లను మెప్పించడానికి పనికొస్తాయి. బతకడం ఒక్కటే చాలదు, జత కుదిరి పిల్లలు కలగాలి. ఆ వయసు పిల్లలకు "ఆడ నెమలికి నచ్చాలి కదా" అంటే చాలు, అర్థమవుతుంది. వీపు మీంచి వచ్చే ఆ పొడుగు ఈకల వెనక అసలు తోక వేరే ఉందని, అది పొట్టిగా, గోధుమరంగులో ఉండి, పురి విప్పినప్పుడు వెనక నుంచి ఊతమిస్తుందని కూడా చూపించండి. వానాకాలం ముగిసేసరికి ఆ ఈకలన్నీ రాలిపోతాయి. ఏడాది పొడుగునా ఆ బరువు మోయదు.

ఇంకో జంతువు గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. మన వీధి ఆవు. చెత్తకుండీ దగ్గర కూరగాయల తొక్కలు కట్టి పడేసిన ప్లాస్టిక్ కవరును కవరుతో సహా మింగేస్తుంది. పిల్లలు "దానికి తెలివి లేదు" అనుకుంటారు. అది దాని ఒంటి తీరు. ఆవు గబగబా మేసి మింగి, తర్వాత ఎక్కడో నీడలో కూర్చుని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరువేస్తుంది. బయలులో ఎక్కువసేపు తల దించి ఉంటే వేటాడే జంతువుకు దొరికిపోతామన్న రోజుల్లో ఆ పద్ధతి దాని పూర్వీకుల ప్రాణం కాపాడింది. నాలుగు గదుల పొట్టలోని సూక్ష్మజీవులు మనం అరిగించుకోలేని గడ్డిని కూడా అరిగిస్తాయి. కానీ ప్లాస్టిక్ వాటికి లొంగదు. అది మొదటి గదిలోనే ముద్దలా పేరుకుపోయి మేతకు చోటు లేకుండా చేస్తుంది. ఆపరేషన్ చేసిన పశువైద్యులు కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటికి తీస్తున్నారు. లక్షల ఏళ్లు కాపాడిన అలవాటే మన కవర్ల వల్ల దాన్ని చంపుతోంది. సంక్రాంతికి మాంజా తగిలి రెక్క తెగిన గద్దదీ ఇదే కథ. చీలిన తోకను అటూ ఇటూ తిప్పుతూ మాంసం కొట్ల మీద అంత ఒడుపుగా తిరిగే పక్షికి, గాలిలో కనపడని గాజుపొడి దారం ఉంటుందని చెప్పే అవయవం ఏదీ లేదు. పరిశుభ్రత పాఠం, పండుగ జాగ్రత్తల పాఠం వేరే చెప్పనక్కర్లేదు, ఈ రెండు జంతువుల ఒంటి తీరు సరిగ్గా చెబితే చాలు.

విహారయాత్రల గురించి రెండు ముక్కలు. నెహ్రూ జూపార్క్ 1963 నుంచి ఉంది, దాదాపు ప్రతి స్కూలూ తీసుకెళ్తుంది. 380 ఎకరాలు ఒక్క పూటలో తిప్పాలని పిల్లల్ని పరుగులు పెట్టించకండి. మూడు జంతువుల దగ్గర తలా పావుగంట కూర్చోబెట్టి బొమ్మ గీయించండి. గీయాలంటే చూడాలి. బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరాన్ని చూపిస్తే, గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ రాక్షసబల్లి పుర్రె దొరకలేదని, కొద్దిపాటి పళ్లు మాత్రం దొరికాయని చెప్పండి. చెంచా ఆకారపు ఆ పళ్లను బట్టి అది ఏం తినేదో వాళ్లనే ఊహించమనండి. జూకు వెళ్లే వీల్లేని వాళ్లకు ఇంటి బల్లి ఉంది. రాత్రి ట్యూబ్‌లైట్ వెలుగులో కిటికీ అద్దానికి అవతలి వైపు బల్లి వాలితే, ఇవతలి నుంచి దాని పాదాల అడుగు కనిపిస్తుంది. వేళ్ల కింద అడ్డంగా మడతలు, ఆ మడతల మీద కంటికి కనపడనంత సన్నటి వెంట్రుకలు లక్షల్లో. జిగురు ఏమీ లేదు, అంత సన్నటి వెంట్రుకలు గోడకు అంత దగ్గరగా చేరినప్పుడు అణువుల మధ్య పుట్టే ఆకర్షణే దాన్ని నిలబెడుతుంది. అడుగు తీసేటప్పుడు వేలి కొన నుంచి వెనక్కి ఒలిచినట్టు ఎత్తడం కూడా అద్దంలోంచి చూడొచ్చు.

ఒక్క జాగ్రత్త. వీధికుక్కల దగ్గరికి, పాముల దగ్గరికి పిల్లల్ని పంపకండి. దసరాకు పంజరంలో పెట్టి తెచ్చే పాలపిట్టను క్లాసులోకి రానివ్వకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం, పైగా అది మన రాష్ట్ర పక్షి. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉన్న పిట్ట ఎగరగానే నీలంగా ఎలా వెలుగుతుందో తీగ మీద ఉన్న దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

ఇక ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు నా మనవి. ఎంత చెప్పినా చివరికి క్లాసులో జరిగేది మీ పేపర్‌ను బట్టే. "ఒంటెను ఎడారి ఓడ అని ఎందుకంటారు?" అనే ప్రశ్న ఉన్నంతకాలం ఏ టీచరూ పిల్లల్ని తబేలాకు తీసుకెళ్లే ధైర్యం చేయలేరు. వచ్చే ఎస్ఏ-1 (మొదటి సమ్మేటివ్ పరీక్ష)లో జతపరచుము ఒక్కటి తగ్గించి, దాని మార్కులు ఈ ప్రశ్నకు ఇవ్వండి: "మీ ఇంటికి, స్కూలుకు మధ్య మీరు చూసిన ఒక జంతువు పేరు రాయండి. దాని ఒంట్లో ఒక భాగాన్ని చూసినట్టుగా వర్ణించండి. ఆ భాగం అలా లేకపోతే దానికి ఏ పని కష్టమవుతుంది?" దీనికి గైడులో జవాబు దొరకదు, పక్కవాడి పేపర్లో చూసి రాసినా కుదరదు. దిద్దేటప్పుడు వర్ణనకు సగం మార్కులు, కారణానికి సగం. కారణం మీ పుస్తకంలో ఉన్నదానికి సరిపోకపోయినా, పిల్ల చూసినదాంట్లోంచి వచ్చిందైతే మార్కులు వేయండి. తెలుగు సరిగ్గా రాయలేని పిల్లలకు బొమ్మ గీసి భాగాలు గుర్తించే వీలు కూడా ఇవ్వండి.

మీలో ఎవరైనా ముక్కుల ఆట ఆడించాలనుకుంటే, చింతగింజలు, క్లిప్పులు పట్టుకుని ఏ శనివారమైనా మీ స్కూలుకు వచ్చి ఆడించడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక ప్రభుత్వ హైస్కూల్ జీవశాస్త్రం టీచర్,
హైదరాబాద్